హార్ట్ ఫెయిల్యూర్ రోగి ఇంటికెళ్లాక: మీ ఆసుపత్రిలో రిమోట్ మానిటరింగ్ ఎలా మొదలుపెట్టాలి

గుండె ఒంటికి కావలసినంత రక్తం అందించలేక ఊపిరితిత్తుల్లో, కాళ్లలో నీరు చేరే జబ్బు హార్ట్ ఫెయిల్యూర్. దాంతో ఊపిరాడక అడ్మిట్ అయి, నాలుగైదు రోజులు ఇంజెక్షన్లతో నీరు తీయించుకుని ఇంటికెళ్లిన రోగి నెల తిరగకుండానే అదే ఆయాసంతో మళ్లీ రావడం కార్డియాలజీ వార్డులో పనిచేసే అందరికీ తెలిసిందే. అయితే ఆ నీరు ఒక్క రాత్రిలో చేరదు. చాలామందిలో అడ్మిషన్‌కు వారం ముందు నుంచే బరువు పెరుగుతూ ఉంటుంది. ఆ వారంలో ఎవరో ఒకరు గమనించి నీటి మాత్ర (ఒంట్లో నీటిని మూత్రం ద్వారా తగ్గించేది) డోసు సర్దితే అడ్మిషన్ తప్పించవచ్చు. రిమోట్ మానిటరింగ్‌తో, అంటే రోగి ఇంట్లో కొలుచుకున్న అంకెలను ఆసుపత్రి నుంచే రోజూ చూడటంతో, మనం అందుకోవాలనుకునేది ఆ వారాన్నే.

జిల్లా కేంద్రంలోనో పెద్ద పట్టణంలోనో ఒకరిద్దరు కార్డియాలజిస్టులు లేదా ఫిజీషియన్లు, కొందరు స్టాఫ్ నర్సులు ఉన్న ఆసుపత్రి ఈ పని మొదలుపెట్టాలంటే ఏం చేయాలో వరుసగా చెబుతున్నాం.

1. మిషన్ల కంటే ముందు మనిషి

అమెరికాలో జరిగిన టెలీ-హెచ్‌ఎఫ్ అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. 1,653 మంది రోగులు రోజూ ఆటోమేటిక్ ఫోన్ లైనుకు తమ లక్షణాలు, బరువు చెప్పాలి. ఆరు నెలల తర్వాత చూస్తే మరణాల్లో గానీ మళ్లీ అడ్మిట్ కావడంలో గానీ తేడా రాలేదు. రోగుల్లో 14 శాతం మంది ఆ లైనును ఒక్కసారి కూడా వాడలేదు. జర్మనీలో 1,571 మందితో చేసిన టిమ్-హెచ్‌ఎఫ్2 ఫలితాలు 2018లో వచ్చాయి. అక్కడ బరువు, బీపీ, ఈసీజీ, ఆక్సిజన్ రోజూ ఒక కేంద్రానికి చేరేవి. అక్కడ 24 గంటలూ డాక్టర్లు, నర్సులు ఉండేవారు. అవసరమైతే రోగికి వాళ్లే ఫోన్ చేసి మందు మార్చేవారు. అందులో అనుకోని అడ్మిషన్ల వల్ల పోయే రోజులూ తగ్గాయి, మరణాలూ తగ్గాయి.

రెండింటి మధ్య తేడాలు చాలానే ఉన్నాయి. కానీ ఈ పని మొదలుపెట్టేవాళ్లకు పనికొచ్చే తేడా ఒకటే: వచ్చిన అంకెను చూసి, అదే రోజు మందు మార్చే అధికారం ఉన్న మనిషి అవతల ఉన్నారా లేదా అన్నది. అలాంటి మనిషి మీ దగ్గర లేకపోతే ఆ డబ్బుతో మిషన్లు కొనకండి. డిశ్చార్జ్ అయిన 7వ రోజున తప్పనిసరిగా ఓపీకి రప్పించే ఏర్పాటు చేయండి. దానివల్లే ఎక్కువ మేలు.

కాబట్టి ముందు ముగ్గురి పేర్లు కాగితం మీద రాయండి: రోజూ అంకెలు చూసే స్టాఫ్ నర్సు, ఆమె సెలవు పెడితే చూసే రెండో నర్సు, ఫోన్ ఎత్తి నిర్ణయం చెప్పే డాక్టరు. “డ్యూటీలో ఉన్నవాళ్లు చూస్తారు” అని వదిలేస్తే ఎవరూ చూడరు. ఆదివారం, పండగ రోజు ఎవరో కూడా అందులో ఉండాలి. సంక్రాంతి మూడు రోజుల్లోనే ఉప్పు ఎక్కువ పడుతుంది, మందులు మానేసేదీ అప్పుడే.

రోజు ఇలా నడవాలి: ఉదయం 6 నుంచి 8 మధ్య రోగి కొలుచుకుంటారు. 9 కల్లా అంకెలు చేరతాయి. 11 లోపు నర్సు అవసరమైనవాళ్లకు ఫోన్ చేయడం పూర్తి చేస్తుంది. మధ్యాహ్నం 12 లోపు డాక్టరు నిర్ణయం చెబుతారు. 12 అని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నీటి మాత్ర అయిన ఫ్యూరోసెమైడ్ రెండో డోసు మధ్యాహ్నం 2, 3 గంటల్లోపు పడాలి. సాయంత్రం ఇస్తే రోగి రాత్రంతా బాత్రూముకు తిరుగుతారు, చీకట్లో జారిపడతారు, మర్నాడు ఆ మాత్రే మానేస్తారు.

2. ఎవరిని చేర్చుకోవాలి

మొదటి విడతలో 20, 25 మందికి మించకండి. గత 30 రోజుల్లో నీరు పట్టి అడ్మిట్ అయినవాళ్లు, నీటి మాత్ర వాడుతున్నవాళ్లు, ఇంట్లో నడిస్తే ఆయాసపడేవాళ్లు ముందు రావాలి. డిశ్చార్జ్ తర్వాత మొదటి మూడు నెలలే ఎక్కువ ప్రమాదం. అప్పుడు మిషన్ ఇవ్వకుండా ఏడాది తర్వాత ఇస్తే పెద్దగా ప్రయోజనం ఉండదు. ఎకో (గుండె స్కానింగ్)లో పంపింగ్ బాగానే ఉన్నా నీరు పట్టే రోగులు ఉంటారు. వాళ్లనూ వదలకండి.

డయాలసిస్ మీద ఉన్నవాళ్ల బరువు డయాలసిస్ రోజులను బట్టి పెరిగి తగ్గుతుంది. కింద 5లో చెప్పే హద్దులు వాళ్లకు పనికిరావు. బరువు మిషన్ మీద ఒంటరిగా నిలబడలేనివాళ్లకు, చివరి దశలో ఉన్నవాళ్లకు వేరే పద్ధతి కావాలి. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లను జర్మనీ అధ్యయనంలోకి తీసుకోలేదు. మీ రోగి దిగులుగా, ఏదీ పట్టనట్టు ఉంటే ముందు దానికి వైద్యం చూడండి.

ఇంట్లో ఎవరు సాయం చేస్తారో, ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో చేర్చుకునేటప్పుడే అడగండి. స్మార్ట్‌ఫోన్ హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న కొడుకు దగ్గర, మామూలు కీప్యాడ్ ఫోన్ రోగి దగ్గర ఉండటం మన ఇళ్లలో చాలా చోట్ల చూస్తాం. అలాంటి ఇంటికి యాప్ ఇవ్వడం వృథా. రోజూ నర్సు ఫోన్ చేసి నాలుగు అంకెలు రాసుకుంటే చాలు, అదీ రిమోట్ మానిటరింగే. దూరాన ఉన్న కొడుకు, కూతురు నంబర్లు కూడా రోగి ఒప్పుకుంటే తీసుకోండి. తల్లి రెండు రోజులు ఫోన్ ఎత్తకపోతే పక్కింటివాళ్లను పంపగలిగేది వాళ్లే.

3. ఏ మిషన్లు

మూడు చాలు: బరువు తూచే డిజిటల్ మిషన్, చేతికి కట్టే బీపీ మిషన్, పల్స్ ఆక్సీమీటరు.

బరువు మిషన్ 100 గ్రాముల తేడా చూపాలి. ముల్లు తిరిగే స్ప్రింగు మిషన్ వద్దు. అరకిలో తేడా దాంట్లో కనిపించదు, మనం వెతికేదేమో ఆ అరకిలోలనే. అంకెలు పెద్దవిగా, వెలుగుతూ ఉండాలి. పెద్ద వయసువాళ్లు వంగి చూడబోతే తూలతారు, ఆ వంగడానికే ఆయాసం కూడా వస్తుంది. అడుగున రబ్బరు కాళ్లు ఉన్నది తీసుకోండి.

బీపీ మిషన్ మణికట్టుకు కట్టేది కాకుండా పైచేతికి కట్టేది కావాలి. ఆ మోడల్ స్ట్రైడ్ బీపీ జాబితాలో (సరిగా కొలుస్తాయని పరీక్షల్లో తేలిన మిషన్ల జాబితా) ఉందో లేదో చూసుకోండి. టేపుతో రోగి చేయి కొలవండి. 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి మామూలు పట్టీ సరిపోతుంది. అంతకు మించితే పెద్ద పట్టీ కొనాలి. చిన్న పట్టీ కడితే బీపీ లేనిదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

బ్లూటూత్ మిషన్లు అంకెను నేరుగా పంపుతాయి. రాతలో పొరపాట్లు తగ్గుతాయి. కానీ ఫోన్ మారిస్తే, బ్లూటూత్ ఆఫ్ చేస్తే, యాప్ అప్‌డేట్ అయితే జత తెగిపోతుంది. అందుకే బ్లూటూత్ ఉన్నా సరే, గోడకు ఒక కాగితం అంటించి పెన్నుతో రాసే అలవాటు చేయించండి. నెట్ లేని రోజున, ఓపీకి వచ్చిన రోజున ఆ కాగితమే ఆధారం. బ్యాటరీలు కిట్‌లోనే అదనంగా ఒక సెట్టు పెట్టండి.

పేస్‌మేకర్, ఐసీడీ (ప్రమాదకరంగా లయ తప్పితే షాక్ ఇచ్చే పరికరం), సీఆర్‌టీ (గుండె రెండు వైపులా కలిసి కొట్టుకునేలా చేసే పరికరం) ఉన్న రోగులకు మరో దారి ఉంది. వీటిలో చాలా మోడళ్లు మంచం పక్కన పెట్టే చిన్న పెట్టె ద్వారానో ఫోన్ ద్వారానో గుండె లయ, బ్యాటరీ, కొన్ని మోడళ్లలో ఛాతీలో నీటి సూచన కూడా పంపగలవు. అమర్చిన తర్వాత ఆ సదుపాయాన్ని ఎవరూ ఆన్ చేయించని రోగులు ఉంటారు. మీ పాత కేస్ షీట్లు తీసి అలాంటివాళ్లు ఎందరున్నారో చూడండి. ఊపిరితిత్తుల ధమనిలో అమర్చే కార్డియోమెమ్స్ సెన్సార్ బరువు కంటే ముందే ఒత్తిడి పెరుగుదలను పట్టుకుంటుంది. 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ మొదలుపెట్టే ఆసుపత్రి ముందుగా కొనాల్సింది అది కాదు.

4. డిశ్చార్జ్‌కు ముందు రోజు నేర్పించడం

బిల్లు కట్టే హడావిడిలో నేర్పిస్తే ఏదీ గుర్తుండదు. ముందు రోజు సాయంత్రం బెడ్డు దగ్గరే కిట్ విప్పండి. మీరు ఒకసారి చేసి చూపించండి, తర్వాత రోగితో ఒకసారి, ఇంట్లో చూసుకునే కోడలితోనో కూతురితోనో మరోసారి చేయించండి.

చెప్పాల్సినవి ఇవి. పొద్దున లేచి, మూత్రవిసర్జన అయ్యాక, కాఫీ, టిఫిన్ కంటే ముందు, ఒకే రకం పలుచని బట్టలతో, చెప్పుల్లేకుండా తూచుకోవాలి. మిషన్ గచ్చు మీదో టైల్స్ మీదో ఉండాలి. చాప, దుప్పటి, మంచం కింద ఎగుడుదిగుడు నేల పనికిరావు. ఒకసారి పెట్టిన చోటు నుంచి మిషన్ కదపొద్దు. బీపీకి ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండో అంకె రాయాలి. లయ తప్పిన గుండె, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే మూడుసార్లు చూసి సగటు తీయాలి. వాళ్లలో ఒక్కసారి వచ్చిన అంకెను నమ్మలేం. ఆక్సిజన్ చూసే వేలికి గోళ్ల రంగు ఉండకూడదు. గోరింటాకు బాగా పండిన వేలు కూడా వద్దు, మరో వేలు వాడాలి. చేతులు చల్లగా ఉంటే రుద్దుకుని, అంకె నిలబడేదాకా అరనిమిషం ఆగాలి.

చాలా చోట్ల వదిలేసే పని ఒకటుంది. డిశ్చార్జ్ రోజు పొద్దున వార్డు మిషన్ మీద, రోగికి ఇస్తున్న మిషన్ మీద రెండుసార్లూ తూచండి. రెండు మిషన్లకు కిలో, కిలోన్నర తేడా ఉండటం మామూలే. కేస్ షీట్‌లో వార్డు బరువును ఆధారంగా పెట్టుకుంటే మొదటి రోజే తప్పుడు అలారం వస్తుంది. ఇంటి మిషన్ చూపినదే ఆధారం. ఇంటికెళ్లాక మొదటి మూడు రోజుల బరువులు చూసి డాక్టరు ‘నీరు లేని బరువు’ ఖాయం చేయాలి.

5. హద్దులు, ముందే రాసిన ఆర్డర్లు

ప్రతి రోగికి విడిగా ఒక పేజీ ఉండాలి. మొదలుపెట్టడానికి ఈ అంకెలు పనికొస్తాయి, తర్వాత రోగిని బట్టి డాక్టరు మార్చాలి.

పసుపు, అంటే అదే రోజు ఫోన్ చేయాల్సినవి: మూడు రోజుల్లో 2 కిలోలు లేదా ఒక్క రోజులో కిలోకు మించి పెరగడం; మూడు రోజుల్లో 2 కిలోలు తగ్గడం; పై బీపీ 90 కంటే తక్కువ, 160 కంటే ఎక్కువ; కదలకుండా కూర్చున్నప్పుడు నాడి 50 కంటే తక్కువ, 110 కంటే ఎక్కువ; ఆక్సిజన్ 92 కంటే తక్కువ; పడుకుంటే ఊపిరాడక పెట్టుకునే దిండ్ల సంఖ్య పెరగడం, కాళ్ల వాపు పెరగడం.

ఎరుపు, అంటే వెంటనే ఆసుపత్రికి: కూర్చున్నా ఆయాసం, ఆక్సిజన్ 90 కంటే తక్కువ, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, కళ్లు తిరుగుతూ బీపీ 90 కంటే తక్కువ. వీటికి నర్సు ఫోన్ కోసం ఎదురుచూడొద్దని, 108కి ఫోన్ చేయాలని కిట్ డబ్బా మీద పెద్ద అక్షరాలతో అంటించండి. మీ కేంద్రం రాత్రిపూట అంకెలు చూడదన్న సంగతి కూడా అక్కడే రాయండి. రాత్రి 11 గంటలకు 86 అని ఆక్సిజన్ పంపి, పొద్దున దాకా జవాబు కోసం కూర్చున్న కుటుంబానికి జరిగే నష్టాన్ని ఏ టెక్నాలజీ పూడ్చలేదు.

45 కిలోల మనిషికి 2 కిలోలంటే ఒంటి బరువులో నాలుగు శాతం పైన. అలాంటివాళ్లకు కిలోన్నరకే పసుపు పెట్టండి. పాత ఊపిరితిత్తుల జబ్బుతో ఎప్పుడూ 91 ఉండే మనిషికి 92 హద్దు పెడితే రోజూ అలారమే. ఎప్పుడూ ఉండే అంకె నుంచి మూడు తగ్గితే అని పెట్టండి. మందుల వల్ల 95 బీపీతో హాయిగా తిరిగే రోగులూ ఉంటారు. అంకె చూసి మంచి మందులు ఆపేయకండి, కళ్లు తిరుగుతున్నాయా అని అడగండి.

ఆ పేజీలోనే డాక్టరు ముందస్తు ఆర్డరు రాయాలి. ఉదాహరణకు: ‘బరువు హద్దు దాటి, బీపీ 100 పైన ఉండి, విరేచనాలు లేకపోతే, పొద్దున 40 మి.గ్రా. ఫ్యూరోసెమైడ్‌ను మూడు రోజులు పొద్దున 40, మధ్యాహ్నం 40గా. ఆ తర్వాత సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు) పరీక్షలు. బరువు తగ్గకపోతే ఓపీకి.’ అప్పుడు నర్సు ఫోన్‌లో చెప్పే విషయం స్పష్టంగా ఉంటుంది, డాక్టరు ఒక్క నిమిషంలో సరే అనగలరు. మార్పును ఆమోదించేది మాత్రం డాక్టరే. మూడు రోజుల తర్వాత పాత డోసుకు వెనక్కి రావడాన్ని నర్సు మర్చిపోకూడదు. పెంచిన డోసు అలాగే నెలల తరబడి సాగి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

6. ఫోన్‌లో ఏం అడగాలి

“బరువెందుకు పెరిగింది?” అని అడిగితే రోగి తప్పు చేసినట్టు ముడుచుకుపోతారు. ఇలా అడగండి: “అమ్మా, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకున్నారు? మధ్యలో ఊపిరాడక లేచి కూర్చున్నారా? నిన్న యూరిన్ ట్యాబ్లెట్ వేసుకోవడం కుదిరిందా? మోకాళ్ల నొప్పికి ఏమైనా బిళ్లలు తెచ్చుకున్నారా? ఈ రెండు రోజుల్లో ఇంట్లో ఫంక్షన్ ఏమైనా జరిగిందా?”

ఈ ప్రశ్నల్లో ఏదో ఒకదానికి కారణం దొరుకుతుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ నీటిని ఒంట్లో ఆపేస్తాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. మెడికల్ షాపులో చీటీ లేకుండానే దొరుకుతాయి. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపల సంగతి విడిగా అడగాలి. “కూరలో ఉప్పు తగ్గించాం” అనే ఇంట్లో పచ్చడి లెక్కలోకి రాదు. బస్సు ప్రయాణం, పెళ్లి ఉన్న రోజున దారిలో మూత్రానికి ఇబ్బందని నీటి మాత్ర మానేస్తారు. తిట్టకండి. “చేరాక వేసుకోండి, మూడు దాటనివ్వకండి” అని చెబితే ఒప్పుకుంటారు.

బరువు తగ్గడాన్ని కూడా అంతే గట్టిగా పట్టించుకోవాలి. మే నెల ఎండల్లో చెమట పట్టి, వాంతులో విరేచనాలో తోడైతే అదే నీటి మాత్ర రోగిని ఎండబెట్టేస్తుంది. అప్పుడు ఫ్యూరోసెమైడ్ తగ్గించడం, డపాగ్లిఫ్లోజిన్ లాంటి మందు కొద్ది రోజులు ఆపడం, పొటాషియం పెంచే మందైన స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్లకు పొటాషియం చూడటం గురించి డాక్టరు అదే రోజు తేల్చాలి.

7. ఎక్కడ చెడుతుంది

ఒక్క రోజులో 9 కిలోలు తగ్గితే అది కోడలి బరువు. బ్లూటూత్ మిషన్ ఎవరు ఎక్కినా పంపేస్తుంది. రోజుకు 4 కిలోలకు మించిన తేడా వస్తే మందు గురించి ఆలోచించకముందే మళ్లీ తూచమనండి.

అంకె రాకపోవడాన్ని కూడా అలారంగానే చూడాలి. సాఫ్ట్‌వేర్ ఖాళీ గడిని మామూలుగా చూపిస్తే మార్పించండి. ఒంట్లో బాగోలేని మనిషే ముందు కొలవడం మానేస్తారు. వరుసగా రెండు రోజులు అంకె రాకపోతే ఫోన్ చేయాలి. రీఛార్జ్ అయిపోయి ఉండొచ్చు, కూతురింటికి వెళ్లి ఉండొచ్చు, వేరే ఆసుపత్రిలో అడ్మిట్ అయి కూడా ఉండొచ్చు.

బరువు నిలకడగా ఉందని నిశ్చింతగా ఉండకండి. ఆకలి పోయి కండ కరుగుతున్న రోగిలో కిలో కండ పోయి కిలో నీరు చేరినా మిషన్ అదే అంకె చూపిస్తుంది. బరువు ఒక్కటే చూసే కేంద్రాలు చాలా అడ్మిషన్లను ముందుగా పట్టుకోలేవు. లక్షణాల ప్రశ్నలు తప్పనిసరి కావడానికి కారణం ఇదే. నీరు లేని బరువును నెలకోసారి ఓపీలో కాళ్లు, మెడ నరం, ఊపిరితిత్తులు చూసి మళ్లీ ఖాయం చేయాలి.

అలారాలు ఎక్కువైతే నర్సు వాటిని చూడటం మానేస్తుంది. తప్పు ఆమెది కాదు. 25 మందిలో రోజూ ఐదుగురికి మించి పసుపు వస్తుంటే హద్దులు సరిగా లేవని అర్థం. ప్రతి శుక్రవారం పావుగంట కూర్చుని, ఆ వారం మోగినవాటిలో ఎన్నింటికి నిజంగా ఏదో ఒకటి చేయాల్సి వచ్చిందో చూడండి. ఏమీ చేయనక్కర లేకుండా పోయిన రోగుల హద్దులు మార్చండి.

8. అనుమతి, రికార్డు

2020 మార్చి 25న కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన టెలీమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాల ప్రకారం, అదే డాక్టరు ఆరు నెలల్లోపు నేరుగా చూసిన రోగికి అదే జబ్బు కొనసాగింపుగా చేసే సంప్రదింపు ఫాలో-అప్ కిందికి వస్తుంది. దానిలో అదే జబ్బుకు మందు కలపవచ్చు. కాబట్టి ప్రతి రోగికీ ఆరు నెలలు దాటకుండా ఓపీ తేదీ పెట్టండి. ఫోన్‌లో మార్చిన మందుకు సంతకంతో చీటీ రాసి ఫోటో తీసి పంపాలి, కేస్ షీట్‌లో సమయంతో సహా రాయాలి.

అనుమతి పత్రం తెలుగులో, ఒక పేజీకి మించకుండా ఉండాలి. ఏ అంకెలు తీసుకుంటాం, ఎవరు చూస్తారు, ఏ వేళల్లో చూస్తాం, ఎప్పుడైనా మానుకోవచ్చు అన్న నాలుగూ ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ స్పష్టతనే కోరుతోంది. రోగులందరినీ ఒకే వాట్సాప్ గ్రూపులో వేయకండి. ఒకరి జబ్బు మరొకరికి తెలుస్తుంది. పైగా ఆ సందేశాల మధ్య ఎరుపు అంకె కనబడకుండా పోతుంది. యాప్ అమ్మే కంపెనీతో ఒప్పందంలో డేటా ఎక్కడ ఉంటుంది, ఒప్పందం ముగిశాక మీ చేతికి ఏ రూపంలో వస్తుంది అన్నవి రాయించుకోండి.

9. మందులు పెంచడానికీ ఇదే దారి

నీరు పట్టడాన్ని కనిపెట్టడంతో ఈ ఏర్పాటు ఉపయోగం ముగిసిపోదు. 2022లో వచ్చిన స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్ అధ్యయనంలో, డిశ్చార్జ్ తర్వాత రెండు వారాల్లో హార్ట్ ఫెయిల్యూర్ మందులను పూర్తి డోసుకు తీసుకెళ్లి దగ్గరగా కనిపెట్టి ఉన్నవాళ్లలో 180 రోజుల్లో మరణం లేదా హార్ట్ ఫెయిల్యూర్‌తో మళ్లీ అడ్మిషన్ 15.2 శాతం, మామూలు పద్ధతిలో 23.3 శాతం. మన దగ్గర డోసు పెంచడానికి డాక్టర్లు వెనకాడేది బీపీ పడిపోతుందేమో, నాడి తగ్గుతుందేమో అని. ఆ రెండు అంకెలూ ఇప్పుడు రోజూ మీ ముందుంటాయి. డోసు పెంచిన 1, 2 వారాల్లో పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష మాత్రం తప్పదు. రోగి ఊళ్లోనే శాంపిల్ ఇచ్చే ల్యాబ్ ఏదో ముందే మాట్లాడి పెట్టండి. పొటాషియం 5.5 దాటితే స్పైరోనోలాక్టోన్ సగం చేయాలి, 6 దాటితే ఆపాలి.

10. ఎప్పుడు ఆపాలి

మూడు నెలలు గడిచి, నెల రోజులుగా పసుపు రాకుండా, నీటి మాత్ర డోసు మారకుండా ఉన్న రోగిని రోజువారీ జాబితా నుంచి తీసి వారానికి రెండుసార్లు బరువు పంపే జాబితాలో వేయండి. మిషన్ వెనక్కి తీసుకుంటే శుభ్రం చేసి, బరువు మిషన్‌ను తెలిసిన తూకంతో సరిచూసి, పాత బ్లూటూత్ జతలు చెరిపేసి మరో రోగికి ఇవ్వండి. మళ్లీ అడ్మిట్ అయితే ఆ రోగి మొదటి రోజు నుంచి రోజువారీ జాబితాలోకి వస్తారు. ఆ అడ్మిషన్‌కు ముందు పది రోజుల అంకెలు ప్రింటు తీసి నర్సు, డాక్టరు కలిసి చూడాలి: సూచన వచ్చిందా, వస్తే ఎవరు చూశారు, చూశాక ఎన్ని గంటలకు రోగికి జవాబు చేరింది.